ఓడినవాళ్ళు లేని వేసవి

గులకవాగుకు తూర్పు గట్టున అడవిపందుల కాలేజీ, పడమటి గట్టున ఎలుగుబంట్ల కాలేజీ ఉండేవి. ఏ కాలేజీలో చదువు బాగా చెబుతారని ఎవరూ అడిగేవారు కాదు. అడిగేది ఒక్కటే: ఈ ఏడు చెడుగుడు ఎవరు గెలిచారు?

వాగు ఎండి ఇసుక తేలగానే ఆ ఇసుకలోనే ఆట. ఓడిన కాలేజీ వాగు నడుమ చెలమ తవ్వాలి, ఊట పడేదాకా తవ్వాలి. గెలిచినవాళ్ళు గట్టున కాళ్ళు చాపుకుని కూర్చుని తవ్వేవాళ్ళను నోటికొచ్చినట్టు దెప్పుతారు, నీళ్ళు పడగానే ముందు తాగుతారు. ఆ తర్వాత వేసవంతా ఆ చెలమ రెండు గట్లవాళ్ళదీ. అది తాతల నాటి పద్ధతి.

పందుల కాలేజీలో ఆటల పంతులమ్మ కోరమ్మ. ఆమె కుడి చెవికి చివర లేదు. వయసులో ఉన్నప్పుడు ఎలుగుల కెప్టెన్ జుంటయ్య పట్టిన పట్టుకు ఊడింది. చెవి సంగతి ఎవరైనా అడిగితే కోరమ్మ తల ఎత్తి చెప్పేది: "ఆ ఏడు గెలిచింది మేమే." ఆ జుంటయ్యే ఇప్పుడు ఎలుగులకు కోచ్.

ఒక ఏడు, చలి తగ్గుతుండగా, నక్క నాగలింగం పందుల కాలేజీకి వచ్చాడు. వెంట నాలుగైదు కాకులు.

"గున్నయ్య గారూ," అన్నాడు ప్రిన్సిపాల్‌తో, "మీ పిల్లల కండలేమిటి, ఈ వాగేమిటి! ఏటా ఆ ఎలుగులతోనే దుమ్ము కొట్టుకుంటారా? నేను మహాటవీ కూటమి పెడుతున్నాను. కొండల అవతలి దుప్పులు, రేసుకుక్కలు, ఏనుగులు కూడా ఉంటాయి. ఆట జరిగిన ప్రతిచోటా నా కాకులుంటాయి. మీ పేరు అడవి అంచుదాకా వినిపిస్తాయి."

"మరి ఎలుగులో?" అంది కోరమ్మ.

"వాళ్ళ స్థాయి వేరు, మీ స్థాయి వేరు కదమ్మా. కూటమిలో చేరాక బయటివాళ్ళతో ఆడకూడదు. ఉన్న నియమం అదొక్కటే."

"ఎలుగులతో ఆట లేకపోతే మా పిల్లలు దేనికోసం పొద్దున్నే లేస్తారు?"

గున్నయ్యకు ఆ మాట వినపడలేదు. "కాకులు నా పేరు కూడా చెబుతాయా?" అని అడిగాడు.

"ముందు మీ పేరే."

"అయితే చేరిపోయాం!"

పందుల జట్టు కొండలెక్కి దిగి దుప్పుల అడవికి వెళ్ళింది. గెలిచింది కూడా. పిల్లలు ఎగిరి గంతులేశారు. దుప్పులు మర్యాదగా, "బాగా ఆడారు, మళ్ళీ రండి," అని మేతకు వెళ్ళిపోయాయి. ఒక్క దుప్పీ ఏడవలేదు. ఒక్కటి కూడా తిట్టలేదు.

తిరుగుదారిలో జట్టు కెప్టెన్ గుర్రప్ప మెల్లగా అడిగాడు: "మేడమ్, గెలిస్తే ఇలాగే ఉంటుందా?"

"ఉండదు. నడు," అంది కోరమ్మ.

ఇంటికి చేరేసరికి వాగు ఎండిపోయింది. ఇసుక తెల్లగా మెరుస్తోంది. చెలమ మాత్రం లేదు. కోరమ్మ గట్టు దిగి అవతలికి కేకేసింది.

"ఏమయ్యా జుంటయ్యా! చెలమ ఏదీ?"

"ఎవరు తవ్వాలమ్మా? మేమేమన్నా ఓడామా?"

"మేమూ ఓడలేదుగా."

"అవునవును, దుప్పుల మీద గెలిచొచ్చిన మహానుభావులు మీరు! మీరే తవ్వుకోండి."

"ఓడకుండా తవ్వితే మా తాతలు నవ్వుతారయ్యా."

"మా తాతలు నవ్వరు. వీపు మీద నాలుగు పీకుతారు."

నీళ్ళు కావాలంటే ఎవరో ఒకరు తవ్వేయొచ్చు కదా అని మీరనొచ్చు. ఓడకుండా ఇసుకలో మూతి పెట్టడం ఆ వాగు గట్టున పుట్టనివాళ్ళకు సులువే. అక్కడ పుట్టినవాళ్ళకు ప్రాణం పోయినంత పని.

ఎండలు ముదిరాయి. పందిపిల్లలు నాలుకలు వేలాడేసుకుని నీడ కోసం తిరుగుతున్నాయి. అవతల ఎలుగుపిల్లలవీ అవే పాట్లు. అప్పుడు తెలిసింది, నాగలింగం గుహ వెనక రాళ్ళ మధ్య ఒక మడుగు ఉందని. పందిపిల్లకు గుక్కెడు నీళ్ళు కావాలంటే ఒక దుంప ఇవ్వాలి. ఎలుగుపిల్లకైతే తేనెపట్టు ముక్క.

కోరమ్మ కూడా పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళింది. గుహలో దుంపలు గుట్టగా పడి ఉన్నాయి, తేనె కారుతోంది. నాగలింగం పొట్ట నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆమెకు అక్కడికక్కడే విషయం బోధపడింది. ఆట లేకపోతే ఓడేవాళ్ళుండరు. ఓడేవాళ్ళు లేకపోతే తవ్వేవాళ్ళుండరు. ఈ కూటమి పుట్టింది కాకుల కోసం కాదు, ఈ మడుగు కోసం.

ఆమె నేరుగా పడమటి గట్టుకు వెళ్ళి జుంటయ్య చెవిలో ఏదో చెప్పింది. జుంటయ్య నవ్విన నవ్వుకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

మర్నాడు అందరూ మడుగు దగ్గర గుమిగూడి ఉండగా కోరమ్మ వినయంగా నిలబడింది.

"నాగలింగం గారూ, ఎలుగులతో ఒక్క ఆట ఆడుకోనివ్వండి."

"నియమం ఉంది కదా కోరమ్మ గారూ."

"మీరే మధ్యవర్తిగా నిలబడితే అది కూటమి ఆటే అవుతుంది. ఏనుగుల దగ్గర్నుంచి అందరూ చూడ్డానికి వస్తారు. మీ తీర్పును కాదనే దమ్ము ఈ అడవిలో ఎవరికుంది?"

నాగలింగం కళ్ళు చికిలించాడు. ఎవరైనా ఓడితే చెలమ తవ్వుతారు, తన మడుగుకు ఎవరూ రారు. ఎవరూ ఓడకుండా చూసే పని తన చేతిలోనే ఉంటే? అతను చిరునవ్వు నవ్వాడు.

"సరే. కానీ నా తీర్పే చివరి మాట."

"అలాగే. ఆట మొదలు నుంచి చివరిదాకా వాగు పద్ధతిలోనే జరిపిస్తానని మీరూ అందరి ముందు మాటివ్వాలి."

"ఇచ్చాను పో! కాకులూ, చాటండి!"

ఆట రోజు రెండు గట్లూ కిక్కిరిసిపోయాయి. ఏనుగులు కూడా వచ్చి వెనక నిలబడ్డాయి.

"ఏరా బొచ్చుమూటల్లారా, నిద్ర లేచారా?" అని తూర్పు గట్టు అరిచింది.

"బురదలోంచి లేచి మొహం కడుక్కుని రండి, గుర్తుపట్టలేకపోతున్నాం!" అని పడమటి గట్టు తిరిగి అరిచింది.

కూతకు వెళ్ళిన ప్రతివాడి వెనకా గట్టంతా ఊపిరి బిగబట్టింది. ప్రిన్సిపాల్ గున్నయ్య హోదా మరిచి, "పట్టు! కాలు పట్టు!" అని గంతులేశాడు. ఆ కేకలు వింటుంటే కోరమ్మ గుండె నిండిపోయింది. దాహంతో ఎండిన గొంతులవి. అయినా ఒక్క గొంతూ తగ్గలేదు. వీళ్ళు తన పిల్లలు. అవతలివాళ్ళు తన పిల్లలను ఇంతవాళ్ళను చేసిన ప్రత్యర్థులు.

చివరి కూత ఎలుగులది. అప్పటికి పందులు ఒక్క పాయింటు ముందున్నాయి. కూతకు వచ్చిన ఎలుగును గుర్రప్ప గీతకు వెంట్రుకవాసి ఇవతల పడగొట్టాడు. తూర్పు గట్టు ఒక్కసారిగా లేచింది.

"గీత తాకాడు!" అన్నాడు నాగలింగం. "ఆట సమానం! ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు!"

గుర్రప్ప కొట్టడానికి లేచాడు. కోరమ్మ వాణ్ణి మెడ పట్టి ఆపింది.

"అందరూ విన్నారా? సమానమట."

"విన్నాం!" అన్నాడు జుంటయ్య. కాకులు అప్పటికే అడవంతా చాటేశాయి.

"అయితే ఇక కానివ్వండి నాగలింగం గారూ," అంది కోరమ్మ.

"ఏం కానివ్వాలి?"

"తవ్వడం. వాగు పద్ధతి తెలియదూ? ఆట సమానమైతే మధ్యవర్తి తవ్వాలి. తేల్చడానికి నిలబడి తేల్చనివాడే ఓడినట్టు. లేకపోతే మధ్యవర్తులు ఇద్దరికీ మంచివాళ్ళు కావాలని చూస్తారని మా పెద్దలు పెట్టారు."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!"

"మాటిచ్చే ముందు మీరు అడగలేదే!"

"అయితే పందులే గెలిచాయి! తీర్పు మార్చాను!"

"మీ తీర్పే చివరి మాటని మీరే అన్నారు," అన్నాడు జుంటయ్య తాపీగా. "చివరి మాటకు తోక ఉండదయ్యా."

నాగలింగం పారిపోదామని వెనక్కి తిరిగాడు. వెనక ఏనుగులున్నాయి. మూతి వేలాడేసుకుని ఇసుకలో కాళ్ళు పెట్టాడు. సన్నటి కాళ్ళతో పొద్దు వాలేదాకా తవ్వాడు. రెండు గట్లూ కలిసి దెప్పుతుంటే, ఒళ్ళంతా తడి ఇసుకతో, ఊట పడేదాకా తవ్వాడు.

ముందు తాగడానికి గెలిచినవాళ్ళు లేరు కాబట్టి రెండువైపుల పిల్లలూ ఒకేసారి మూతులు ముంచాయి. గున్నయ్య అక్కడే నిలబడి కూటమికో దండం పెట్టేశాడు. కోరమ్మ, జుంటయ్య మాత్రం నీళ్ళ సంగతే మరిచిపోయారు.

"గెలిచింది మేమే," అంది కోరమ్మ. "గీత దగ్గరికి కూడా రాలేదు మీవాడు."

"కళ్ళలో ఇసుక పడిందా ఏమిటమ్మా? మావాడి గోరు గీత దాటింది!"

"ఆ గోరు చూపించు!"

"వచ్చే ఏడు చూద్దువుగాని, దగ్గర్నుంచి!"

నీతి: ఏటా నీతో తలపడే పొరుగువాడే నీ బలం, వాణ్ణి నీకు దూరం చేసేవాడు నీ మేలు కోరేవాడు కాడు.