ఓడిపోని కొండవీడు

సువార్తకు వచ్చిన కష్టం ఏమిటంటే, ఆమె కొండవీడు ఎప్పుడూ ఓడిపోవడం లేదు.

విజయవాడలో ఒక మేడ మీద పదిమంది కలిసి తయారు చేస్తున్న కంప్యూటర్ గేమ్ అది. పాతకాలపు రాజ్యాల్లో ఒకటి ఎంచుకుని, కోటలు కట్టి, సైన్యం పెంచి, ఎదుటివాళ్లని గెలవాలి. ఇప్పుడు ఆ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్, అంటే అదనపు భాగం వస్తోంది. అందులో కొత్తగా చేరుతున్నవి కొండవీడు, గజపతుల రాజ్యం.

సువార్తది ఫిరంగిపురం. పొద్దున లేస్తే కొండవీటి కొండలే చూసి పెరిగిన పిల్ల చేతికి కొండవీటిని అప్పగిస్తే ఊరుకుంటుందా? దాని కోటలు సగం సమయంలోనే లేచేట్టు చేసింది. కొండ మీది సైనికుడికి అలుపన్నదే లేకుండా చేసింది. ఆడి చూసినవాళ్లంతా కొండవీడు నాకంటే నాకని కొట్టుకున్నారు. గజపతుల్ని ముట్టుకున్నవాడు లేడు.

"శుక్రవారానికి ఇది సరికాకపోతే కొండవీడు లేకుండానే విడుదల చేసేస్తాం," అని ఆఫీసు నడిపే చలమయ్య గారు తేల్చి చెప్పేశారు. అప్పటికి సోమవారం.

ఆ ఆఫీసులో అందరికీ గురువు పానకాలు మాస్టారు. మంగళగిరి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరై, ఇప్పుడు ఈ పిల్లలకి గేములు చెయ్యడం నేర్పుతున్నారు. సువార్త ఆయన ముందు కాగితాలు పరిచింది.

"నా లెక్కలన్నీ కరెక్టే మాస్టారూ. వాళ్లకే ఆడటం రావట్లేదు."

మాస్టారు కాగితాలకేసి చూడలేదు. "రా అమ్మాయ్, ఒక ఆట వేద్దాం. నువ్వు కొండవీడు, నేను గజపతులు."

అరగంటలో సువార్త కోటలు అయిదు లేచాయి. కింద మాస్టారి ఏనుగులు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాయి. అప్పుడు ఆయన లేచారు.

"కుర్చీలు మారదాం. నువ్విటు రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

సువార్త మౌస్ వదల్లేదు. మాస్టారు ఆమె వేళ్లకేసి చూసి, టీ తాగడానికి వెళ్లిపోయారు. సువార్తకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రెండు రోజులు కూర్చుని అన్నీ కత్తిరించింది. కోటలు నెమ్మదిగా లేచేట్టు మార్చింది, సైనికులకి అలుపు పెట్టింది, ఏనుగులకి కొండెక్కడం నేర్పింది. బుధవారం సాయంత్రం కంప్యూటర్ చేత వంద ఆటలు ఆడిస్తే యాభై అటు, యాభై ఇటు వచ్చాయి. గంతులేసుకుంటూ వెళ్లి మాస్టారిని లాక్కొచ్చింది.

ఆట సగంలో ఆయన లేవగానే సువార్త చటుక్కున వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది. "చూశారా!"

"చూశాను. ఇప్పుడు నువ్వు వదిలొచ్చిన కోటలెన్ని?"

ఆలోచించింది. గుర్తు రాలేదు.

"నా ఏనుగులెన్నో నాకూ గుర్తు లేదులే," అన్నారు మాస్టారు ఆవలిస్తూ.

మొదటిసారి కంటే ఇదే ఎక్కువ పొడిచింది. గురువారం పొద్దున్నే వచ్చి, కత్తిరించినదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. కొండవీటి సైనికుడికి అలుపు తీసేసింది, కానీ కొండ మీదికి నీళ్లు మోసుకెళ్లాలి. గజపతుల ఏనుగు కొండెక్కలేదు, కానీ అది అడ్డంగా నిలబడ్డ దారిలో కడవ కదలదు. దానికి మాత్రం పూటపూటకీ మేత పడాలి.

శుక్రవారం పొద్దున ఆట మొదలయ్యేసరికి ఆఫీసంతా వాళ్లిద్దరి వెనకాలే ఉంది. చలమయ్య గారు టిఫిన్ ప్లేటుతోనే వచ్చి నిలబడ్డారు. సువార్త కోటల్లో నీళ్లు అడుగంటుతున్నాయి. "మేతరా, మేత!" అని పానకాలు మాస్టారు ఎవర్నో కేకలేస్తున్నారు. కళ్లజోడు ముక్కు చివరికి జారినా సర్దుకోవడానికి ఆయనకి తీరిక లేదు. చూసేవాళ్లు రెండు జట్లయిపోయి గోల గోల చేస్తున్నారు.

"మాస్టారూ, సగమైంది, మారాలి!" అన్నారెవరో.

"ఉండండ్రా బాబూ!" అని కసురుకుని, ఎలాగో లేచారాయన.

సువార్త కూడా లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఉత్తరం వైపు ఇంకో కాలిబాట ఉంది, దాన్ని తెరిస్తే నీళ్లొస్తాయి, కోట నిలబడుతుంది. మళ్లీ ముందుకు, మాస్టారి తెర వైపు చూసింది. అయ్యో, ఆ రెండు ఏనుగుల్ని ఆ కాలిబాట మీదికి తిప్పితే కోట ఈ పూటే పడిపోతుంది, ఆయనకి అది కనిపించనే లేదు!

"కూర్చోవేం అమ్మాయ్?"

"ఎందులో కూర్చోవాలో తెలియట్లేదు మాస్టారూ!" అని అరిచింది సువార్త, రెండు కుర్చీల మధ్య నిలబడి.

మాస్టారు చలమయ్య గారి వైపు తిరిగారు.

"విడుదల చెయ్యండి," అన్నారు.