గుట్ట మీది బండ, పక్క బల్ల ఇన్నయ్య

భానుమూర్తికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. జ్వరమూ కాదు, గిరమూ కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే ఇన్నయ్యను చూస్తే కడుపుమంట.

ఇద్దరూ ఆరేళ్లుగా వేదాచలం మాస్టారి దగ్గర ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్చుకుంటున్నారు. కోటప్పకొండ దారిలో ఒక డాక్టరమ్మ గుట్ట వాలులో స్థలం కొన్నది. సరిగ్గా నడిమధ్యన ఏనుగంత బండ. నెల గడువిచ్చి, ఎవరి ప్లాను బాగుంటే ప్లాను మీద వాళ్ల పేరే వేసి ఇల్లు కట్టిద్దామన్నారు మాస్టారు. సొంత పేరుతో మొదటి ఇల్లు! అది ఇన్నయ్యకు దక్కింది.

భానుమూర్తి ఇక ఆగలేకపోయాడు.

"వాడు బండను హాల్లోనే ఉంచాడు, నేనూ ఉంచాను. వాడు వాలు వెంట రెండు వరసల గదులు దింపితే నేను మూడు దింపాను. వాడి కిటికీల కన్నా నావే పెద్దవి. నేనెందులో తీసిపోయాను మాస్టారూ?"

మాస్టారు లేచి స్కూటరు తియ్యమన్నారు.

గుట్ట ఎక్కాక అతన్ని బండకు వీపు పెట్టి నిలబెట్టారు.

"వానొస్తే దీని మీది నీళ్లు ఎటు జారతాయి?"

"తూర్పుకేమోనండీ..."

"సాయంత్రం నాలుగింటికి దీని నీడ ఎందాకా వస్తుంది?"

భానుమూర్తి వెనక్కి తిరిగి చూడబోతే మాస్టారు భుజం పట్టి ఆపారు.

"బీటలున్నాయా?"

"చూళ్లేదండీ."

మాస్టారు తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఇన్నయ్య ఏ పెన్సిలుతో గీస్తాడు?"

"పచ్చ పెన్సిలండీ. మొన పూర్తిగా అరిగేదాకా చెక్కడు." ఈసారి తడుముకోలేదు.

"ఆఫీసుకు ఎన్నింటికొస్తాడు?"

"తొమ్మిదికి అయిదు నిమిషాలుండగానే. ఈ నెల్లో మాత్రం నాలుగుసార్లు మధ్యాహ్నం దాకా రాలేదు. మీరు అడగనైనా అడగలేదు. వచ్చినప్పుడల్లా చెప్పుల నిండా ఎర్రమట్టి..."

భానుమూర్తి తల దించి తన చెప్పులకు అప్పుడే అంటుకున్న అదే ఎర్రమట్టిని చూసుకున్నాడు.

"చూడ్డం నీకు బాగానే వచ్చు నాయనా," అన్నారు మాస్టారు. "ఇప్పుడు బండ వైపు తిరుగు."