విస్సయ్య పంతులు ఇంగ్లీషు

"నూకాలూ, నీ వంతొచ్చింది, లోపలికి రా," అని రాజుగారి కొలువు గుమ్మంలోంచి భటుడు కేకేశాడు.

గాలికి నిండే తెరచాపను చూస్తే నూకాలుకు గుండె కూడా అలాగే నిండేది. ఈ ఇంగ్లీషు పరీక్ష నెగ్గితే ఓడ మీద దొరల మాటలు తెలుగులో చెప్పే దుబాసీ కొలువు, లేకపోతే మళ్లీ రేవులో చేపల తట్టే.

పరీక్ష పెట్టేది విస్సయ్య పంతులే. చర్చకు దారి చూపే మాటలంటూ ఆయన ఏడాదంతా ఇంగ్లీషులో నేర్పింది నాలుగే: ముందుగా, మరోవైపు, నా ఉద్దేశంలో, ఇంతకీ మీరేమంటారు. వాటి మధ్య ఏం చెప్పాలని అడిగినవాళ్లందరినీ మొద్దులని తప్పించేశాడు.

ఇంగ్లీషు ముక్క రాని రాజుగారు హుషారుగా అన్నారు, "మా కొత్త మీసం ఉంచాలా, తీసేయాలా? ఇద్దరూ చర్చించండి."

పక్కనే రాణిగారు ఆ మీసాన్ని గుర్రుగా చూస్తున్నారు.

నూకాలు ఇంగ్లీషులో వినయంగా మొదలెట్టింది. "ముందుగా, ఇంతకీ మీరేమంటారు?"

పంతులు గొంతు సవరించుకున్నాడు. "మరోవైపు... ఇంతకీ నువ్వేమంటావు?"

"నా ఉద్దేశంలో... ఇంతకీ మీరేమంటారు?"

రాజుగారికి ఆవులింతలొచ్చేదాకా అలాగే సాగింది.

"బాగానే దంచుతున్నారు. ఇంతకీ ఏం తేల్చారో తెలుగులో చెప్పండి."

"పంతులుగారు ఏం చెప్పారో దానికే నేను ఒప్పుకున్నాను ప్రభూ," అంది నూకాలు. "ఆయన నోటితోనే వినండి."

పంతులు మీసం వంక చూశాడు, రాణిగారి వంక చూశాడు. ఉంచమంటే ఆవిడ ఊరుకోరు, తీసేయమంటే ఈయన ఊరుకోరు. చెమట తుడుచుకుని చేతులు జోడించాడు.

"ప్రభూ, నేనసలు ఏమీ చెప్పలేదు. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే. అదంతా ఈ పిల్లకీ వచ్చేసింది, నెగ్గినట్టే."