ముందు కుర్చీ

"నిలవమ్మ మబ్బమ్మ, నిలవవే తల్లీ,
నారు తడిసేదాకా నిలవవే తల్లీ..."

నాకు గుర్తున్నది ఇంతే. చిన్నప్పుడు ఊడ్పుల్లో పాడేవాళ్ళం. దీనికి ముందు ఇంకో ముక్క ఉంది. దాన్ని వజ్రమ్మక్క ఎత్తేది. వంగి నాట్లు వేస్తున్న మేమంతా, వంగినవాళ్ళం వంగినట్టే, ఈ ముక్క అందుకునేవాళ్ళం. ఆవిడ ఎత్తింది ఏమిటో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు.

సికింద్రాబాదులో ఎలీషా మాస్టారి వరండాలో కూర్చుని ఈ అరముక్కే కూనిరాగం తీస్తూ ఉండేదాన్ని. లోపల నా మనవరాలు కెజియా ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకునేది. దాన్ని తీసుకురావడం, తీసుకుపోవడం నా పని.

మాస్టారు పెద్దాయన. చర్చిలో వాయించేవారు, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పేవారు. మాటలు తక్కువ. తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు, బాగా వాయిస్తే మెచ్చుకునేవారు కాదు.

ఆ ఏడాది పిల్లలకు పెద్ద పోటీ పెట్టారు. ఒకరు ముందు నిలబడి వాయించాలి. వెనక పెద్ద గుంపు కూర్చుని వాయిస్తుంది. ఒకరు ఎత్తితే అందరూ అందుకుంటారు, అందరూ ఎత్తితే ఆ ఒక్కరూ అందుకుంటారు. దాన్ని కన్‌చెర్టో అంటారని కెజియా చెప్పింది.

"మా ఊడ్పుల పాటలాగే ఉందే!" అన్నాను.

"నానమ్మా, నీకు పుణ్యం ఉంటుంది, ఈ మాట బయట ఎవరితోనూ అనకు" అంది.

గెలిచినవాళ్ళు బొంబాయిలో పెద్ద ఆర్కెస్ట్రాతో వాయిస్తారట. కెజియాకి నిద్రలో కూడా బొంబాయే. చివరి పోటీకి ముగ్గురిని ఎంచారు. వాళ్ళలో ఇది ఒకతి. నవనీత అని ఇంకో పిల్ల ఉంది, ఆ పిల్లంటేనే దీనికి భయం. పైకి మాత్రం "అబ్బో, ఆ నవనీతా!" అని మూతి తిప్పేది.

చివరి పోటీకి వచ్చిందని మాస్టారు తన సొంత వయొలిన్ దీని చేతిలో పెట్టారు. అది వాళ్ళ గురువుగారు వాయించినదట. "పోటీ అయ్యేదాకా నీ దగ్గర ఉండనీ బిడ్డా" అన్నారు, అంతే. ఇక చూడండి, దాని మీద దుమ్ము తుడుస్తానన్నా నన్ను ముట్టనిచ్చేది కాదు. నా వయొలిన్, నా వయొలిన్ అని తిరిగేది.

"మాస్టారిది కదే" అంటే, "ఇప్పుడు నాది" అనేది.

పాఠంలో ఇంకో అలవాటు ఉండేది దీనికి. మొదట్లో గుంపు చాలాసేపు వాయిస్తుంది, ముందు నిలబడ్డవాళ్ళు ఊరికే ఉండాలి. కెజియా ఆ కాగితాలు గబగబా తిప్పేసి తన ముక్క దగ్గర మొదలుపెట్టేది. "అది నాది కాదుగా మాస్టారూ" అనేది. ఆయన కళ్ళు మూసుకుని, పాదంతో తాళం వేసుకుంటూ, ఆ గుంపు ముక్క అంతా మనసులో వాయించుకుని అప్పుడు కళ్ళు తెరిచేవారు. ఈలోగా ఇది సగం దూరం పోయి ఉండేది. ఆయన వేలెత్తి మళ్ళీ మొదటికి చూపించేవారు.

పోటీ దగ్గరపడ్డాక ఒక గొడవ వచ్చింది. పోటీలో వెనక వాయించే ఆర్కెస్ట్రాని నడిపేది ఎలీషా మాస్టారే. తమ వంతు కానప్పుడు ముగ్గురు పిల్లలూ ఆ గుంపులోనే కూర్చుని వాయించాలన్నారు.

కెజియా ముఖం ఎర్రబడింది. "నవనీత ముందు నిలబడి వాయిస్తుంటే నేను వెనక కూర్చుని వాయించాలా? నా వంతు వచ్చేసరికి వేళ్ళు అలిసిపోవా? నేను ఇక్కడికి గెలవడానికి వచ్చాను మాస్టారూ, గుంపులో వాయించడానికి కాదు."

వరండాలో నాకు గుండె ఆగినంత పనయింది. అంత పెద్దాయనతో అలా మాట్లాడుతుందా అని.

మాస్టారు లేచారు. మూలనున్న కుర్చీ ఒకటి తనే మోసుకొచ్చి, తను నిలబడే చోటుకి పక్కనే వేశారు.

"ఇక్కడ కూర్చో బిడ్డా."

అంతే, కెజియా ముఖం వెలిగిపోయింది. ఆర్కెస్ట్రాలో ఆ చోటున ఉండేది గుంపుకి నాయకుడి కుర్చీ అట. ఆటోలో అదే మాట. "చూశావా నానమ్మా, నవనీతకి కాదు, నాకిచ్చారు ముందు కుర్చీ!"

"ఆ కుర్చీలో ఏం చెయ్యాలేం?" అన్నాను.

పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "ముందు నిలబడ్డవాళ్ళ తీగ తెగితే, ముందు కుర్చీవాళ్ళు తమ వయొలిన్ ఇచ్చెయ్యాలి. తెగినదాన్ని వెనక్కి అందిస్తారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయి, ఆఖరి కుర్చీవాళ్ళు బయటికి తీసుకెళ్ళి కొత్త తీగ కడతారు. వాయించడం మాత్రం ఆగకూడదు."

"తెగుతుందేమిటే నిజంగా?"

"ఎప్పుడో ఎవరికో. మాకెందుకు తెగుతుంది!"

పోటీ రోజు హాలు నిండిపోయింది. నేను మూడో వరసలో కూర్చున్నాను. మొదటి కుర్రాడు వాయించి, వెళ్ళి గుంపులో కూర్చున్నాడు. తర్వాత నవనీత. ఆఖరున కెజియా.

నవనీత సన్నగా ఉంది, భయపడుతున్నట్టే ఉంది. వయొలిన్ ఎత్తాక మాత్రం భయం లేదు. నాకేం తెలుసు గానీ, బాగుంది. నా మనవరాలు ముందు కుర్చీలో కూర్చుని, తల వంచుకుని, కమాను లాగుతోంది.

ఉన్నట్టుండి ఠప్పుమంది.

నవనీత తీగ తెగి గాలిలో లేచింది. ఆ పిల్ల తన వయొలిన్ కేసి చూసుకుని, ముందు కుర్చీ వైపు చెయ్యి చాపింది.

కెజియా కాగితం మీంచి కళ్ళెత్తలేదు.

చూడలేదేమో అనుకున్నాను మొదట. కాదు. వయొలిన్ ఒళ్ళోకి దించుకుంది. రెండు చేతులతో పొదువుకుంది. చూసింది, చూసే అలా చేసింది.

గుంపు వాయిస్తూనే ఉంది. చాపిన చెయ్యి అలాగే ఉంది.

మాస్టారు కుడిచేతి కర్రతో తాళం వేస్తూనే తను నిలబడ్డ మెట్టు దిగారు. ఎడమచేత్తో కెజియా ఒళ్ళో ఉన్న వయొలిన్ మెడ పట్టుకున్నారు. ఇది వదల్లేదు. ఆయన దీని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. పసిపిల్ల చేతిలోంచి కత్తి తప్పించినట్టు, అంత మెల్లగా. తీసి నవనీత చేతికిచ్చారు. తెగినదాన్ని దీని చేతిలో పెట్టారు. మెట్టెక్కారు. తాళం తప్పలేదు.

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలీదు. "ఇదేం అన్యాయం మాస్టారూ!" అనేశాను.

హాలంతా తిరిగి నన్ను చూసింది. పక్కావిడ నా కొంగు పట్టి లాగింది. "కూర్చోండి మామ్మగారూ, కూర్చోండి."

కూర్చున్నాను. కెజియా చేతిలోని తీగ తెగిన వయొలిన్‌ని వెనకపిల్ల వంగి అందుకుంది. అది చేతులు మారుతూ ఆఖరి కుర్చీ దాకా పోయింది. అందరూ వాయిస్తున్నారు, కెజియా ఒక్కతే ఉత్త చేతులతో కూర్చుంది. నవనీత చేతిలో మాస్టారి వయొలిన్ ఎలా పలికిందని! అది ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉంది. అలా పలుకుతుందని నాకు తెలీదు. కెజియాకీ తెలీదేమో, నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆ పిల్ల ఆపాక చప్పట్లకు హాలు కూలిపోతుందేమో అనిపించింది.

నవనీత వయొలిన్‌ని రెండు చేతులతో తెచ్చి కెజియాకి ఇచ్చింది. "థాంక్స్" అంది. కెజియా ఆ పిల్ల ముఖం చూడకుండా తీసుకుంది. కొత్త తీగ కట్టిన తన వయొలిన్ పట్టుకుని నవనీత ముందు కుర్చీలో కూర్చుంది.

మాస్టారి ముఖంలో కోపం ఉందేమో అని వెతికాను. లేదు. ఎప్పటిలాగే ఉన్నారు. కర్ర ఎత్తారు.

గుంపు మొదలుపెట్టింది. కెజియా మా వైపు తిరిగి, వయొలిన్ దించుకుని నిలబడింది. దాని కళ్ళు ఎక్కడున్నాయో దానికే తెలీనట్టు ఉంది. ఇంతలో ముందు కుర్చీ దగ్గర ఏదో అపశ్రుతి. కొత్త తీగ కదా, సాగిపోతోంది. నవనీత తీగ బిగించే బిరడా తిప్పింది. మళ్ళీ సాగింది. వాయించడం ఆపి మళ్ళీ తిప్పుతోంది. ముందు కుర్చీ మూగబోయింది. వెనకవాళ్ళు ఎవర్ని చూసి వాయించాలో తెలియక తడబడుతున్నారు.

కెజియా తిరిగింది. మాకు వీపు పెట్టి గుంపు వైపు ఒక అడుగు వేసింది. వయొలిన్ ఎత్తి, ఆ గుంపు ముక్కే వాయించడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ నాది కాదని కాగితాలు తిప్పేసిన ముక్క. ఎప్పుడు వచ్చిందో దానికి! వెనకవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. నవనీత తీగ సరిచేసుకుని, తలెత్తి దీన్ని చూసి, కలిసింది. అప్పుడుగానీ ఇది ఆపలేదు.

ఆపి మా వైపు తిరిగేసరికి దీని సొంత ముక్క వచ్చేసింది. ఒక్క క్షణం ఆలస్యమైంది ఎత్తడం. న్యాయనిర్ణేతలు తలలు వంచి రాసుకున్నారు.

ఆ తర్వాత చక్కగానే వాయించింది. అయినా ఆ క్షణం పోయింది కదా.

గెలిచినవాళ్ళ పేరు తెర మీద వేశారు, తెలుగులోనూ వేశారు. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో, కెజియా పలక మీద. కూడబలుక్కుంటే గానీ చదవలేను. "న" అని చదివాను. ఇక మిగతావి చదవబుద్ధి కాలేదు.

ఆటోలో ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వయొలిన్ పెట్టె తీసి నా ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో నానమ్మా" అంది.

మర్నాడు వయొలిన్ ఇచ్చెయ్యడానికి వెళ్ళాం. కెజియా లోపలికి వెళ్ళి తన పాత వయొలిన్ తీసుకుని కూర్చుంది. మాస్టారు వరండాలోకి వచ్చారు. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు అడిగేశాను.

"మీ శిష్యురాలే కదా మాస్టారూ. అంతమందిలో దాని వేళ్ళు విడదీస్తారా? బొంబాయి పోయింది దానికి. ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఉండకపోతే..."

ఆయన పెట్టె తెరిచి వయొలిన్ తీశారు.

"అమ్మా, మీరు ఇక్కడ కూర్చుని ఒక పాట పాడతారు. ఏదీ, పాడండి."

నేను అడిగిందేమిటి, ఈయన అంటున్నదేమిటి! అయినా పాడాను. నిలవమ్మ మబ్బమ్మ, నిలవవే తల్లీ.

"దీని ముందు ముక్క?"

"గుర్తులేదు మాస్టారూ. అది వజ్రమ్మక్క ఎత్తేది. నేను అందుకునే వరసలో దాన్ని."

ఆయన వయొలిన్ భుజాన పెట్టుకుని ఏదో వాయించారు. వజ్రమ్మక్క ముక్క కాదది, నాకు తెలుసు. ఆయన అప్పటికప్పుడు కట్టిందే. కానీ సరిగ్గా నేను అందుకోవలసిన చోట ఆపి నాకేసి చూశారు. నా నోట పాట దానంతటదే వచ్చింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ అందుకున్నాను. ఈసారి లోపలి నుంచి ఇంకో వయొలిన్ నాతోపాటు అందుకుంది. కెజియా ముందుకు పోలేదు, వెనకపడలేదు. నా గొంతు ఎంత నడిస్తే అంతే నడిచింది.

పాట అయ్యాక లేచి చెప్పులు వేసుకున్నాను.

వానలు మొదలయ్యాక మాస్టారు పోయారు. ఆ మధ్యలో నాకు జబ్బు చేసి నేను వాళ్ళింటికి వెళ్ళనే లేదు. పాట పాడిన ఆ రోజు మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి ఆయన అన్నదే ఆఖరి మాట.

"ఎత్తేవాళ్ళు ఎక్కడో ఒకచోట దొరుకుతారమ్మా. మీరు అందుకోవడం మర్చిపోకండి."