టోపీ తీయని సొరమొలక

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. సొరవిత్తు మొలకెత్తడం కూడా చూసి ఉండరు. మనం ఉండే చోట సొరకాయ ముక్కలై, ప్యాకెట్లో పడి వస్తుంది. అందుకని ముందు ఆ సంగతి చెప్పాలి, లేకపోతే కథ మధ్యలో ఆపి అడుగుతారు.

సొరవిత్తుకు గట్టి పెంకు ఉంటుంది. మొలక పైకి వచ్చేటప్పుడు ఆ పెంకును మట్టిలోనే విడిచిపెట్టి రావాలి. కొన్ని మొలకలు విడిచిపెట్టవు. టోపీలాగా నెత్తిన పెట్టుకునే పైకి వచ్చేస్తాయి. లోపల రెండు ఆకులు ఇరుక్కుని, విచ్చుకోలేక అవస్థ పడుతుంటాయి. అంతే. ఇక కథ.

కడప వైపు ఒక గుట్ట కింద చిన్న దర్గా ఉండేది. అక్కడ జమాల్ తాత అనే ముసలి ఫకీరు, ఆయన దగ్గర కొందరు శిష్యులు ఉండేవాళ్లు. శిష్యుడు ఫకీరై ఊళ్లు తిరగాలంటే చేతిలో సొరబుర్రతో చేసిన భిక్షాపాత్ర ఉండాలి. ఆ సొరకాయను తన చేత్తోనే విత్తి, పెంచి, ఎండబెట్టి, తొలిచి పాత్ర చేసుకోవాలి. కొన్నది పనికిరాదు. ఇంకొకరు ఇచ్చింది అసలే పనికిరాదు. పాత్ర లేనివాడు దర్గాలోనే ఉండి పొయ్యిలోకి కట్టెలు కొట్టాలి.

దస్తగిరి ఇంకా కట్టెలే కొడుతున్నాడు. తనతో వచ్చినవాళ్లూ, తన తర్వాత వచ్చినవాళ్లూ పాత్రలు పట్టుకుని వెళ్లిపోయారు. దర్గాలో వంట చేసే హుసేనమ్మవ్వ, "నువ్వు పోతే నాకు కట్టెలకు కష్టంరా, ఉండు" అని ఓదార్చేది. ఆ ఓదార్పు వింటే అతనికి ఏడుపొచ్చేది.

అతను సోమరి కాదు. మనసు మంచిదే. చెయ్యే ఊరుకోదు. ఎవరైనా కొంచెం ఇబ్బంది పడుతుంటే చూడలేడు. ఒకసారి దర్గా మెట్ల మీద ఒక పెద్దాయన ఆయాసపడుతుంటే చంకలు పట్టుకుని గబగబా పైకి ఎక్కించేశాడు. ఆయన పాపం అప్పుడే పైనుంచి దిగి వస్తున్నాడు. మేక ఈనుతుంటే దానికంటే ఎక్కువ ఇతనే ముక్కేవాడు. పెనం మీద రొట్టె కాలకముందే తిప్పబోతే హుసేనమ్మవ్వ చేతి మీద అట్లకాడతో ఒకటి వేసేది.

"దాని పాటికి దాన్ని కాలనీరా!"

ఆ ఏడు తొలకరికి దస్తగిరి తన దగ్గరున్న చివరి మూడు విత్తులూ నాటాడు. మొదటిది టోపీతో లేచింది. అయ్యో, ఊపిరాడదేమో అనుకుని గోళ్లతో పెంకు పట్టి లాగాడు. పెంకు వచ్చింది. ఆకులూ దాంతోపాటే వచ్చాయి. నేలలో అగ్గిపుల్లలాంటి కాడ ఒక్కటి నిలబడింది.

రెండోదీ టోపీతోనే లేచింది. ఈసారి జాగ్రత్తగా ఉండాలని చాకుతో పెంకు కోశాడు. చాకు పెంకుతో ఆగలేదు.

మూడోది లేచింది. దానికీ టోపీయే.

ఇది పోతే విత్తులు లేవు, అదను కూడా దాటిపోతుంది. ఇంకో ఏడాది కట్టెలు. దస్తగిరి చేతులు మొలక దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. లాగితే చస్తుంది. లాగకపోతే లోపలే కుళ్లి చస్తుంది. తాతను అడగాలని పరుగు తీశాడు. దారిలో అడ్డంగా పడుకున్న మేకను చూడలేదు. మేక లేచింది, అతను పడ్డాడు.

మోకాలు బాగా గీరుకుపోయింది. హుసేనమ్మవ్వ పసుపు ముద్ద పెట్టి పాత గుడ్డతో కట్టు కట్టింది. కట్టించుకుంటూనే దస్తగిరి గోల మొదలుపెట్టాడు.

"తాతా, పెంకు తియ్యాల్నా వద్దా? ఒక్క మాట చెప్పు చాలు."

జమాల్ తాత అతని మోకాలి వైపు చూశాడు. "నొప్పిగా ఉండాదా?"

"నా మోకాలు ఏమైతే ఏం తాతా! మొలక సంగతి చెప్పు."

"రేపు చూద్దాం లే," అని తాత జపమాల తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాత వచ్చి దస్తగిరి ముందు చతికిలబడ్డాడు. పసుపు, నెత్తురు ఎండిపోయి గుడ్డ మోకాలికి అట్టలా అతుక్కుపోయి ఉంది. మోకాలి కింద వెంట్రుకలన్నీ దాంట్లోనే ఇరుక్కున్నాయి.

"పాపం, దీంతో ఎంత అవస్థ పడతాండావో," అన్నాడు తాత. "ఉండు, సాయం చేస్తా."

గుడ్డ కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

దస్తగిరి పెట్టిన కేకకు దర్గా మీది పావురాలన్నీ లేచిపోయాయి. నిన్నటి మేక కూడా లేచి దూరంగా పోయి నిలబడింది.

"తాతా! లాగొద్దు! తోలు ఊడొస్తాది!"

"మరి దీన్ని అట్లనే పెట్టుకుంటావా?"

"ఎందుకు పెట్టుకుంటా? తడపాల! గోరువెచ్చని నీళ్లతో తడిపి, నాననిస్తే దానంతట అదే వస్తాది. ఇంత ముసిలోడివైనావు, ఈ మాత్రం తెలీదా నీకు?"

అన్న తర్వాత తెలిసింది తాను ఎవరితో అన్నాడో. హుసేనమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి వైపు తిరిగింది.

తాత కోప్పడలేదు. లోపలికి వెళ్లి చెంబుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, అతని పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

దస్తగిరి చెంబును చూశాడు. మోకాలిని చూశాడు. తర్వాత చెంబు పట్టుకుని, కట్టు కట్టుగానే, కుంటుకుంటూ మొలక దగ్గరికి పోయాడు.

వేలి కొసతో పెంకు మీద చుక్క చుక్కగా నీళ్లు వదిలాడు. తడిగుడ్డ పీలిక ఒకటి పైన కప్పాడు. దాని ఎదుట కూర్చున్నాడు. గుడ్డ ఆరితే మళ్లీ తడిపాడు.

"ఏందిరా, గుడ్లు పొదుగుతాండావా?" అని అరిచింది హుసేనమ్మవ్వ.

మధ్యాహ్నానికి పెంకు మెత్తబడింది. సాయంత్రానికి పక్కన సన్నగా నోరు తెరిచింది. లోపల లేతాకు అంచు ఆకుపచ్చగా కనపడింది. ఇంక కొంచెం. ఒక్క గోరు పెడితే చాలు. దస్తగిరి కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. అంతలో ఎడమచెయ్యి కూడా లేవబోయింది.

"అవ్వా! పరిగెత్తి రా! నా చేతులు ఎనక్కి కట్టెయ్యి!"

"ఇన్నాళ్లకు ఒక మంచి మాట అడిగినావు నాయనా," అని హుసేనమ్మవ్వ తువ్వాలుతో బిగించి కట్టింది. గుడ్డ తడిపే పని ఆమె మీద పడింది. ఆ పూట రొట్టె ముక్కలు చేసి నోట్లో పెట్టింది కూడా ఆమే. పెడుతూ, "కూర కారంగా ఉందా?" అని అడిగితే అతను మొలక మీంచి చూపు తిప్పకుండా, "ఇంకా రాలేదవ్వా" అన్నాడు.

తెల్లారేసరికి ఆకులు రెండూ పక్కకు విడుతున్నాయి. పెంకు ఒక ఆకు చివర చెవిపోగులాగా వేలాడుతోంది. దస్తగిరి ఊపిరి కూడా మెల్లగా తీశాడు, దాని గాలికి ఏమవుతుందో అని. పొద్దు గుట్ట మీదికి వచ్చింది. పెంకు జారి మట్టిలో పడింది.

జమాల్ తాత వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చేసినావురా?"

"తడిపినా తాతా."

"ఇంకా?"

దస్తగిరి వెనక్కి తిరిగి కట్టిన చేతులు చూపించాడు.

తాత ఆ ముడి వైపు చూశాడు.

"తడపడం సులువే," అన్నాడు.

తర్వాతేమైందని మీరు అడుగుతారు. కాయ కాసింది. దస్తగిరి పాత్ర పట్టుకుని వెళ్లాడు. మోకాలి కట్టు హుసేనమ్మవ్వే తడిపి తీసింది, మచ్చ కూడా పడలేదు.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచేసుకోకండి. ఇంకొకరికి చెప్పండి. దస్తగిరి కేక గట్టిగా పెట్టండి, పక్కింటివాళ్లు ఏమన్నా అనుకుంటే నేను చూసుకుంటాను. తాత చివరి మాట మాత్రం మెల్లగా చెప్పండి. దాని అర్థం ఏమిటని వాళ్లు అడిగితే నవ్వి ఊరుకోండి. వాళ్లకు సాయం చెయ్యకండి.