గోవర్ధనం గారి కొలత

సీతాఫలం పొదలున్న గట్టు కింద రవణమ్మ అనే కుందేలు కాపురం ఉండేది. ఉన్నది ఒకటే గది. పిల్లలు పుట్టాక దాని వెనక లోగది ఒకటి తవ్వుకుంది. రెండింటి మధ్య గోడకు కన్నమైతే పొడిచింది గానీ దానికి చెక్కా లేదు, అంచూ లేదు. అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మట్టి రాలి నలుగురు పిల్లల కళ్లలో పడేది. ఎన్నాళ్లని చూస్తుంది? వడ్రంగిపిట్ట పోలయ్యను పిలిచి ద్వారబంధం పెట్టమంది. పని అయ్యేదాకా పిల్లల్ని ఏదుపంది కోటమ్మ ఇంట్లో దింపింది.

ఈ కబురు నక్క గోవర్ధనం చెవిన పడింది. ఆ గట్టుకంతటికీ పెద్దమనిషి ఆయనే. ఆ పెద్దరికం ఎవరిచ్చారని అడగకండి, ఆయనే తీసుకున్నాడు.

"ఏం అమ్మాయ్, గుమ్మం పెట్టిస్తున్నావట. ఆచారం తెలుసు కదా?" అన్నాడు వస్తూనే.

"ఏ ఆచారమండీ?" అంది రవణమ్మ.

"గడపకు పసుపు రాసే రోజున పెద్దవాడు లోగదిలోకి తల పెట్టి పిల్లల్ని దీవించాలి. ఈ కన్నంలో నా తల పట్టదు. వెడల్పు చేయించు."

ఆ దీవెన ఎలాంటిదో రవణమ్మకు అర్థమైంది. కాదనే ధైర్యం లేదు. కాదన్నవాళ్ల వాకిట్లో ఆయన రోజంతా కూర్చుంటాడు, తిండికి బయటికి వెళ్లనివ్వడు.

గోవర్ధనం ముందు గదిలోకి వచ్చి కన్నం దగ్గర తల పెట్టి చూపించాడు. పోలయ్య ఆ కొలతకు గోడ చెక్కాడు. తల లోపలికి పోయి, రెండు వైపులా అర అంగుళం ఖాళీ మిగిలింది.

"బాగుంది. మూడో రోజు సాయంత్రం వస్తాను. పిల్లలు నలుగురూ ఉండాలి సుమా," అని వెళ్లిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక రవణమ్మ పోలయ్య మీద విరుచుకుపడింది. "నీకు కళ్లు లేవా మేస్త్రీ? నా పిల్లల ప్రాణాలకు దారి చెక్కి పెట్టావు."

"నేను చెక్కింది కన్నం. గుమ్మం ఇంకా పెట్టలేదు," అన్నాడు పోలయ్య. ఆయనెప్పుడూ అలా విసుగ్గానే మాట్లాడతాడు. "చెక్క వెనక కూరే మట్టి పావు అంగుళం. చెక్క అర అంగుళం. అంచుకు కొట్టే పట్టీ ఇంకో పావు. ఒక్కో వైపు అంగుళం పోతుంది. ఇప్పుడు ఆయన తల ఎక్కడ పడుతుందో నువ్వే చెప్పు."

"ఆ సంగతి ఆయనకు తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచీ ఇంకొకళ్లు కట్టిన ఇళ్లలోనే పడుకున్నాడు. కానీ ఒక్క మాట. మట్టి ఆరడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఎవరైనా తోస్తే చెక్కతో సహా ఊడి లోపల పడుతుంది."

ఆ పూటే పోలయ్య ద్వారబంధం నిలబెట్టి మట్టి కూరాడు. రెండు రోజులూ రవణమ్మ నిమిషానికోసారి ఆ మట్టిని తాకి చూసింది. వేలికి తడి తగులుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం, అమ్మ కావాలని ఏడుస్తున్నారంటూ కోటమ్మ పిల్లల్ని దింపి వెళ్లింది. పొద్దు వాలుతుండగా వాకిట్లో నీడ పడింది.

"రేపు నాకు తీరికలేదు, ఇప్పుడే దీవించేస్తాను," అన్నాడు గోవర్ధనం.

"ఇంకా రెండు మేకులు కొట్టాలండీ, ఆగండి," అన్నాడు పోలయ్య.

"నేను గుమ్మం చూడ్డానికి రాలేదు."

ఆ మాటతో ఆచారం ముసుగు తొలగిపోయింది. రవణమ్మ లోగదిలోకి దూకి పిల్లల్ని వెనక గోడకు తోసింది. నక్క ముట్టె లోపలికొచ్చింది. దవడల దగ్గర పట్టలేదు. గట్టిగా నెట్టాడు. పచ్చి మట్టి పగిలింది, చెక్క ఇటు కదిలింది. ఇంకో తోపు తోస్తే ఊడిపోతుంది. రవణమ్మ వెల్లకిలా పడుకుని వెనక కాళ్లు రెండూ చెక్కకు తన్నిపట్టింది. ఆయన పళ్లు ఆమె మడమ పక్కనే టకటకలాడుతున్నాయి. భయంతో ఏడ్చింది గానీ కాళ్లు మాత్రం తీయలేదు.

గోవర్ధనం ఊపిరి బిగబట్టి చివరి తోపు తోశాడు. దవడలు ఒరుసుకుంటూ తల దూరింది, వెనక్కి మడిచిన చెవులు పట్టీ దాటి లోపల విచ్చుకున్నాయి. భుజాలు బయటే ఆగిపోయాయి. ముందుకు పోలేడు, వెనక్కి లాగితే చెవులు పట్టీకి తట్టుకుంటున్నాయి.

"మేస్త్రీ, కాస్త లాగు," అన్నాడు కాసేపటికి.

"ఇప్పుడు లాగితే పగుళ్లు వస్తాయండీ. రేపు సాయంత్రానికి ఆరుతుంది, అందాకా కదలకండి," అన్నాడు పోలయ్య. మెడ పక్క సందులోంచి లోపలికి తీగ అందించాడు. రవణమ్మ ముందు ఆ నోరు కట్టేసి, తర్వాత కాళ్లు దించింది.

మర్నాడు గట్టంతా గడప చూడ్డానికి వచ్చింది. ఆ వరసలో ఒక ముసలి ఉడత సందులోంచి దూరి ఆయన ఎదుట నిలబడింది.

"నా ముగ్గురు పిల్లల్నీ ఇలాగే దీవించావా?" అని అడిగింది.

గోవర్ధనం కళ్లు మూసుకున్నాడు. ఉడత ఆయన కళ్లు తెరిచేదాకా అక్కడే కూర్చుంది.

సాయంత్రం పోలయ్య పట్టీ ఊడదీశాడు. గోవర్ధనం నోటికి కట్టిన తీగతోనే అందరి మధ్య నుంచి తల దించుకుని గట్టు దిగాడు. దారి ఇచ్చారు గానీ ఒక్కరూ గోవర్ధనం గారూ అనలేదు. మళ్లీ ఆ గట్టు ఎక్కలేదు.

నీతి: సగం పని చూసి కొలత తీసుకున్నవాడికి పూర్తయిన పనే ఉచ్చవుతుంది.