రత్నాకరుడి నగారాలు

సరిహద్దు కబురు గడియలో కోటకు చేరాలని ఒక రాజు కొండకో నగారా పెట్టించాడు. అన్నీ రత్నాకరుడనే వ్యాపారి సరుకే. చినుకు పడితే చాలు, మూగనోము పట్టేవి.

ఓ కొండ మీద నగారా కొట్టే కాపలాదారు గవరయ్య మొత్తుకున్నప్పుడల్లా వ్యాపారి మనిషి తీరిగ్గా వచ్చేవాడు. "తాళ్ళు విప్పి మళ్ళీ బిగించు. అప్పటికీ మోగకపోతే, నగారా కొట్టి మాకు తెలియజెయ్యి" అని సెలవిచ్చి పోయేవాడు.

మొన్న వానలో దొంగలు ఓ ఊరు దోచుకుపోయినా కోటకు కబురే లేదు. గవరయ్య దర్బారుకెక్కాడు.

"నా నగారాలు నిక్షేపంలా ఉన్నాయి ప్రభూ! వీడికే కొట్టడం రాదు" అన్నాడు రత్నాకరుడు.

"అంతే అయ్యుంటుంది ప్రభూ" అన్నాడు గవరయ్య వినయంగా. "రేపు అయ్యగారి సరుకుబళ్ళు ఆ దొంగల కనుమే దాటుతాయి. వెంట సైనికులెందుకు? ఓ నగారా ఇచ్చి పంపండి. దొంగలొస్తే వారే చక్కగా కొడతారు, మనవాళ్ళు పరిగెత్తుకెళతారు."

రాజు సరేనన్నాడు. రత్నాకరుడి మొహం పాలిపోయింది.

"వానాకాలం కదా ప్రభూ... కబురు చెప్పడానికి ఒక్క రౌతునైనా పంపించండి!"

సభ గొల్లుమంది.

"రౌతెందుకండీ?" అన్నాడు గవరయ్య. "మోగకపోతే తాళ్ళు విప్పి మళ్ళీ బిగించండి. అందాకా దొంగల్ని కాస్త ఆగమనండి."